పద్నాలుగు శాతం

నల్లటి అద్దంలో తన మొహం తప్ప ఇంకేమీ కనిపించకపోయేసరికి సరోజినీదేవి ట్యాబ్‌ని రెండుసార్లు తొడ మీద తట్టింది, పక్కనున్న మీట నొక్కింది, నొక్కి పట్టుకుంది, మళ్ళీ తట్టింది, లాభం లేదు, చచ్చింది, పూర్తిగా చచ్చింది. ఒంటిగంటకి యాభై ఎనిమిది ఉన్నది మూడూ అయిదుకి సున్నా ఎలా అవుతుంది? యాభై ఎనిమిదన్నది నోటిమాట కాదు, కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసి, గోడ క్యాలెండర్లో ఇవాళ్టి గడిలో పెన్సిలుతో వేసుకున్న అంకె. పదకొండు రోజులుగా వేస్తూనే ఉంది, పడుకోబోయే ముందొకటి, లేచాక ఒకటి. నిన్న అరవై రెండు, నలభై ఎనిమిది. మొన్న అరవై, నలభై ఆరు. రోజుకి పద్నాలుగు చొప్పున ఎవరో కాజేస్తున్నారు, ఎవరో ఏమిటి, పగటిపూట ఇంట్లో ఉన్నది ఇద్దరే అయితే అందులో ఒకరు తనే అయితే రెండోవాళ్ళెవరో వేరే చెప్పాలా, అలాంటిది ఇవాళ పద్నాలుగు కాదు, మొత్తం ఊడ్చేసింది, అదీ ఎప్పుడు, తను కాపలా కాసిన రోజున, నాలుగింటికి ఆ కోడలి తండ్రి వచ్చి కూర్చోబోయే రోజున. ఎంత ధైర్యం!

కాపలా అంటే మామూలు కాపలా కాదు. రోజూ మంచం పక్కన స్టూలు మీద బోర్లా పెట్టుకునే ట్యాబ్‌ని ఇవాళ సీరియల్ ఆపేసి పక్కలోనే పెట్టుకుని, పైన కొంగు కప్పి, ఆ పైన చెయ్యి వేసుకుని, కళ్ళు మాత్రం మూసుకుంటాను, నిద్రపోను, చెయ్యి పడగానే పట్టేసుకుంటాను అనుకుని పడుకుంది. నిద్రపోయింది. ఆ మాట ఆవిడ ఒప్పుకోదు, కునుకు పట్టిందంటుంది. కూలరు హోరులో కూడా వినపడేంత గురకతో పట్టిన కునుకు. లేచేసరికి చెయ్యి వేసినచోటే ఉంది, కొంగు కప్పినట్టే ఉంది, ట్యాబ్ మాత్రం కాలిపోతోంది, రోజూ గోరువెచ్చగా ఉండేది ఇవాళ ఇంకా వేడి. మరి చేతికింద ఉన్నదాన్ని ఎలా తీసింది, ఎలా వాడింది, మళ్ళీ ఎలా పెట్టింది? మాయలమారిది, పెళ్ళిచూపుల్లోనే అనుకుంది తను, మరీ అంత నెమ్మదిగా నడిచే పిల్ల, అడుగుల చప్పుడే లేని పిల్ల.

బొడ్లోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచింది. చార్జరు బీరువాలోనే ఉంటుంది, చీరల అడుగున. దాని పక్కనే ఉన్న చిన్న గుడ్డమూటకి చెయ్యి తగలకుండా, అలవాటైన ఒడుపుతో, తీగ పట్టుకుని చార్జరు లాగింది. హాల్లో టీవీ వెనకున్న ప్లగ్గులో గుచ్చి స్విచ్చి వేస్తే తెర మీద ఖాళీ బ్యాటరీ బొమ్మ, అడుగున ఎర్రగీత, అంతే. "పూర్తిగా సున్నా అయితే పావుగంట, ఇరవై నిమిషాలు అసలు వెలగదమ్మా, కంగారుపడి పీకెయ్యకండి," అన్నాడు పొద్దున్న సెల్ షాపు అనిల్ కుమార్. బస్టాండు దాకా వెళ్ళింది కదా పొద్దున్నే, ట్యాబ్ తీసుకెళ్ళకుండా ఉత్తచేతుల్తో. తీసుకెళ్తే లోపల మంచి బ్యాటరీ తీసేసి పాతది వేసేస్తారని ఆవిడ నమ్మకం, ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, చెయ్యరని మాత్రం ఎవరు చెప్పగలరు? అతను నవ్వాపుకుంటూ తన ఫోన్లోనే చూపించాడు, ఇదిగో సెట్టింగ్సు, ఇందులో బ్యాటరీ, ఇక్కడ గీత ఉంటుందమ్మా, కిందికి దిగితే వాడుతున్నట్టు, పైకి లేస్తే చార్జింగ్ ఎక్కుతున్నట్టు, కింద ఏది ఎంత తాగిందో పేర్లతో సహా ఉంటుంది, నిన్నటిదీ మొన్నటిదీ వారం రోజులవీ ఉంటాయి. వారం రోజులవీ! ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఒక సాక్షి. చీటీ మీద వరసగా రాయించుకుని పర్సులో పెట్టుకుంది.

గడియారం మూడూ పన్నెండు. నాలుగింటికల్లా వచ్చేస్తాడు వెంకటప్పయ్య, విస్సన్నపేటలో బస్సెక్కేసే ఉంటాడు ఈపాటికి. నిన్న సాయంత్రం తనే ఫోన్ చేసింది, మీరొకసారి రండి అన్నయ్యగారూ, అంది, అబ్బాయి షాపు నుంచి రాకముందే వస్తే మంచిది, ఫోన్లో చెప్పే సంగతి కాదు, అంది. మామిడి కోతల రోజులు కదా, తోటలో కూలీలు, లారీ, కాయ తడవకుండా టార్పాలిన్లు, అలాంటప్పుడు మనిషి కదలలేడని తనకి తెలియదా, తెలిసే పిలిచింది, కదిలొస్తేనే సంగతి బరువు తెలుస్తుందని. "అలాగేనమ్మా, వస్తాను," అన్నాడు చివరికి. పాపం రాత్రి అన్నం తిన్నాడో లేదో. పాపమేంటి, పిల్లని పెంచుకోవడం రావాలి. వచ్చి కూర్చోగానే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకుంది: మీ అమ్మాయి నేను పడుకోగానే ఎవరితోనో మాట్లాడుతోందండీ, మొహాలు కనపడేట్టు మాట్లాడుతోంది, తన ఫోనులో అయితే మొగుడు చూస్తాడని నా ట్యాబ్‌లో మాట్లాడుతోంది. ఆ ఎవరో ఎవరు? ఆ ఒక్కటీ ఇంకా తేలలేదు. మాట బయటపడితే పేరు అదే బయటికొస్తుంది. ఒకసారి అంటే మళ్ళీ వెనక్కి తీసుకునే మాట కాదని ఆవిడకీ తెలుసు, అందుకే సాక్ష్యం కావాలి, అందుకే ఈ దిక్కుమాలిన ఎర్రగీత తొందరగా లేవాలి.

ఊరికే అనుమానించే మనిషినా తను? ఎన్ని ఆనవాళ్ళు ఉన్నాయని! ఒకటి, వేడి. వాడకపోతే ఎందుకు వెచ్చబడుతుంది? రెండు, స్టూలు మీద తను పెట్టే వైపు కాకుండా ఒక్కోరోజు తలకిందులుగా ఉంటుంది. మూడు, పోయిన గురువారం అద్దం అంచున పసుపు వేలిముద్ర, తను వంటింట్లోకే వెళ్ళని రోజున. నాలుగు, అసలైనది, మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా అనూహ్య ఫోను పలకదు. వాళ్ళమ్మే చెప్పింది, "మధ్యాహ్నం పూట చేస్తే స్విచ్చాఫ్ వస్తోంది వదినగారూ, పిల్ల బాగానే ఉంది కదా?" అని. కన్నతల్లికి కూడా అందకుండా ఫోను ఆపుకుని ఆ గంటసేపూ ఏం చేస్తున్నట్టు? ఎనిమిది నెలలైంది వచ్చి, వచ్చిన రెండోరోజే చెప్పింది తను, అది నాదమ్మా, నీ ఫోను నీకుంది కదా, దాన్ని ముట్టుకోమాకు, అని. సరే అత్తయ్యా అని తలూపింది. ఆ తలూపడం చూసే అనుకోవాల్సింది.

ట్యాబ్ మాత్రం కొత్తదేం కాదు, కొడుకు కిరీటి పురుగుమందుల షాపులో నాలుగేళ్ళు వాడి వాడి తనకిచ్చాడు, ఇచ్చేటప్పుడు, అమ్మా, రోజుకొకసారే చార్జింగ్ పెట్టు, వంద అవగానే తీసెయ్, లేకపోతే ఉబ్బిపోద్ది, అన్నాడు. అప్పట్నుంచీ పొద్దున్న ఆరింటికి పెట్టడం, ఎనిమిదింటికి తియ్యడం, చార్జరు బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. ఎవరి కంటా పడనిస్తే కదా. ఆ అనిల్ కుమార్ ఏదో అడ్డంగా చెప్పాడు పొద్దున్న, మధ్యలో రెండుసార్లు పెట్టుకున్నా ఏం కాదమ్మా, మాటిమాటికీ సున్నా కానిస్తేనే దానికి చేటు, పాత బ్యాటరీ కదా, వీడియోలు ఆడిస్తే గంటకి పాతిక తాగేస్తుంది, కొంచెం కొంచెం పెడుతూ ఉంటేనే నాలుగు కాలాలు మన్నుతుంది, అని. సొమ్ము మనది కానప్పుడు వాళ్ళు ఏమైనా చెబుతారు.

"లేచారా అత్తయ్యా? టీ పెట్టనా?" అంటూ పెరటి గుమ్మంలోంచి వచ్చింది అనూహ్య, ఆరిన బట్టలు భుజాన వేసుకుని. ఆ పిల్ల చూపు తిన్నగా టీవీ వెనక్కి పోయింది. ఎర్రగీత చూసింది. చూసి, "అయ్యో, మొత్తం అయిపోయిందా?" అంది. చూశావా, దొంగ నోట్లోంచే! అయిపోయిందని ఆ పిల్లకెలా తెలుసు? పైగా మొహంలో ఆ బాధేమిటి, తన సొమ్మేదో పోయినట్టు? "నీకెందుకమ్మా దాని సంగతి?" అంది వీలైనంత చల్లగా. అనూహ్య బట్టలు కుర్చీలో పెట్టి వంటింటి వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగి, "ఆ పిన్ను కొంచెం లూజండీ. కుడివైపుకి వంచి పెడితేనే ఎక్కుతుంది," అంది, అనేసి నాలిక్కరుచుకుని లోపలికెళ్ళిపోయింది. లూజు! కుడివైపు! ముట్టుకోనిదానికి లూజో బిగుతో ఎలా తెలిసింది? సరోజినీదేవికి కోపం కన్నా ముందు ఒకరకమైన సంబరం వచ్చింది. ఇన్నేళ్ళ తన బతుకులో ఒక్క దొంగన్నా దొరికాడు. అయినా వెళ్ళి పిన్ను కుడివైపుకి వంచింది. ఎర్రగీత పక్కన చిన్న మెరుపు గుర్తు వచ్చింది.

ఇన్నేళ్ళంటే మాటలా, ముప్ఫై ఏళ్ళు మొగుణ్ణి అనుమానించింది. బసవపున్నయ్య సాయంత్రం ఆరింటికల్లా చొక్కా వేసుకుని బయల్దేరేవాడు, నలభై నిమిషాలకి తిరిగొచ్చేవాడు, ఎక్కడికంటే ఊరికే అనేవాడు. ఊరికే ఎవరైనా ఇస్త్రీ చొక్కా వేసుకుంటారా? ఒకరోజు గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనకే వెళ్ళింది. ఆ మహానుభావుడు బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని వచ్చే పోయే బస్సులు చూస్తున్నాడు, భద్రాచలం బస్సు లేటు, నూజివీడు బస్సు ఖాళీ, అని పక్కవాడితో చెబుతున్నాడు, అంతే. అది చూసి ఊరట కలగాలి కదా మనిషికి, ఆవిడకి కలగలేదు, ఇవాళ రాలేదేమో అనుకుంది. ఆయన పోయి ఆరేళ్ళైంది, ఎవరూ రాలేదు. చివరిదాకా ఆయనకి ఆ గొడుగు సంగతి తెలియదు. తెలుసేమో కూడా, ఆ రాత్రి అన్నం దగ్గర, ఎండలో తిరక్కు సరోజా, అన్నాడు. సాయంత్రం ఆరింటికి ఎండేమిటి?

ఎర్రగీత అలాగే ఉంది. మూడూ ఇరవై అయిదు. చార్జింగ్ అంటే నీళ్ళకుండ నింపడం లాంటిది కాదు కాబోలు, మొదట చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. గుడ్డమూట గుర్తొచ్చింది. ఎందుకొచ్చింది, రావద్దు అనుకుంటూనే ఉంది, వచ్చింది. అందులో వెండి కుంకుమభరిణె. తొమ్మిదేళ్ళ కిందట అది కనిపించకపోతే, ఇంట్లో పనిచేసే హన్నమ్మని అడిగింది తను, అడగడం కూడా కాదు, నలుగురి ముందూ గట్టిగా అంది, ఇంట్లోకొచ్చే పోయే దానివి నువ్వొక్కదానివే, అని. పన్నెండేళ్ళు ఇల్లు ఊడ్చిన మనిషి, కిరీటికి అమ్మవారు పోస్తే వారం రోజులు పక్కన కూర్చున్న మనిషి. హన్నమ్మ ఏడవలేదు, ఒట్టు పెట్టుకోలేదు, చేతిలో చీపురు గోడకి ఆనించి, "దేవుడున్నాడమ్మా," అని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. మూడు నెలల తర్వాత పెళ్ళికి వెళ్ళాలని పట్టుచీర మడత విప్పితే భరిణె కాళ్ళ మీద పడింది. తనే పెట్టింది, తనే, ఏ పేరంటానికో వెళ్ళొచ్చి. ఆ రోజు చెప్పాల్సింది. మొగుడికి కూడా చెప్పలేదు. గుడ్డలో చుట్టి అడుగున పెట్టి తాళం వేసింది. చర్చి వెనక వీధిలోనే ఉంటుంది హన్నమ్మ, ఎప్పుడన్నా బజార్లో ఎదురైతే తను కూరగాయల వైపు తిరిగి బెండకాయలు ఏరుతుంది, ముదరో లేతో చూడకుండా ఏరుతుంది. ఎందుకు గుర్తు చేసుకోవడం ఇప్పుడు? అది వేరు, ఇది వేరు. దీనికి ఆనవాళ్ళున్నాయి. దానికీ ఉన్నాయనే అనుకుంది అప్పుడు.

టీ స్టూలు మీద పెట్టి వెళ్ళింది అనూహ్య. సరోజినీదేవి ఒక గుక్క తాగింది, అల్లం వేసింది, తనకిష్టమని వేసింది, మంచి చేసుకుందామని కాబోలు. అదే అనుకుంటూ ఉండగా ట్యాబ్ గుర్రుమని వణికి వెలిగింది. మూడూ నలభై. మూడు శాతం. చార్జింగ్‌లో ఉండగా ముట్టుకుంటే పేలుతుందని ఆవిడకి భయం, ఎ.కొండూరులో ఎవరికో పేలిందని విన్నది. అయినా నాలుగింటికి మనిషి వచ్చేస్తాడు. చీటీ తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, వేలిని దూరంగా చాపి ఒక్కొక్కటే నొక్కింది. సెట్టింగ్సు. బ్యాటరీ. గీత వచ్చింది.

ఇవాళ్టి గీత ఒంటిగంట దగ్గర్నుంచి ఒకటే జారుడు, ఎక్కడా ఆగకుండా అడుగుకి వచ్చేసింది. కింద పేర్లలో మొదటిది తను సీరియల్ చూసే వీడియోల యాప్, రెండు గంటల రెండు నిమిషాలు. తన సీరియలే! దొంగబుద్ధి కాకపోతే తన సీరియల్లోనే చూస్తుందా? కానీ ఒంటిగంటా రెండు నిమిషాల నుంచి మూడూ నాలుగు దాకా ట్యాబ్ తన చెయ్యి కింద ఉంది. ఈ ఒక్క సంగతి ఎటు తిప్పినా లొంగడం లేదు. సరే, నిన్నటిది చూద్దాం. నిన్న ఒంటిగంటకి అరవై రెండు, అక్కణ్ణుంచి జారుడు, రెండింటికి ముప్ఫై ఆరు. అక్కడ మెరుపు గుర్తు. అక్కణ్ణుంచి గీత పైకి లేచింది. కిందికి కాదు, పైకి. మూడింటికి నలభై ఎనిమిది. ఆగింది. మొన్న కూడా రెండింటికి మెరుపు, పైకి. అటు మొన్నా అంతే. వారం రోజులూ, ఆదివారంతో సహా, సరిగ్గా తను గురక పెట్టే వేళకి చిన్న మెరుపు, చిన్న ఎక్కుడు. ఎవరో వాడుతున్నది కాదు. ఎవరో నింపుతున్నారు. చార్జరు బీరువాలో ఉంటే దేనితో? ఇంకెవరి దాంతో, తన ఫోనుకి పెట్టుకునే దాంతో, తన ఫోను ఆరిపోయినా సరే.

మరి ఆ జారుడు? సరోజినీదేవి మెల్లగా సీరియల్ తెరిచింది. బొమ్మ కదిలింది, మాటలు వచ్చాయి. రోజూ నిద్రొస్తుండగా తను ఎలా ఆపుతుందో అలాగే పక్కమీట నొక్కి పట్టుకుంది. మాటలు తగ్గాయి, తగ్గాయి, ఆగిపోయాయి. తెర మీద ఒక చిన్న పట్టీ వచ్చి సున్నాకి దిగి మాయమైంది. బొమ్మ ఆగలేదు. అత్తగారు కోడల్ని చప్పుడు లేకుండా తిడుతూనే ఉంది. ఆపే మీట దాని పక్కది. ఇన్నాళ్ళూ తను ఆపింది సీరియల్ని కాదు, దాని గొంతుని, ఆపి బోర్లా పెట్టేది, అది ఒక భాగం తర్వాత ఇంకో భాగం గోడకి చెప్పుకుంటూ కాగిపోయేది. రెండింటికి ఎవరో వచ్చి దాన్ని ఆర్పి, నింపి, పసుపు చేతులు తుడుచుకుని, లేవకముందే తెచ్చి స్టూలు మీద పెట్టేవాళ్ళు. ఇవాళ తను చెయ్యి వేసి పడుకుంది కాబట్టి తియ్యలేకపోయింది. కాపలా కాసిన రోజే చచ్చింది.

సిగ్గేసింది. ఒళ్ళంతా చెమట పట్టేంత సిగ్గు, కూలరు ఎదురుగా ఉన్నా. ఏడుపు కూడా వచ్చింది గానీ టీ అడ్డం పెట్టుకుంది. మూడూ యాభై రెండు. ఇప్పుడేం చెప్పాలి ఆ పెద్దమనిషికి? ఏదో ఒకటి చెప్పొచ్చు, ఏసీ కొనాలి, మామగారి సలహా కావాలి కిరీటికి, పిల్ల చిక్కింది, ఏదైనా సరిపోతుంది, చెప్పేస్తే నిజం చీర మడతలో ఉండిపోతుంది, ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకుండా ఉండిపోవడం ఎంత తేలికో ఆవిడకి తెలుసు. ఎంత బరువో కూడా తెలుసు, తొమ్మిదేళ్ళుగా బెండకాయలు ఏరుతోంది.

వీధిలో షేర్ ఆటో ఆగింది. వెంకటప్పయ్య చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు, చొక్కా నిండా మామిడి సొన మరకలు, తోటలోంచి అటునుంచటే వచ్చేసినట్టున్నాడు, చేతిలో ఏమీ లేదు, పిల్ల ఇంటికి ఉత్తచేతుల్తో ఏనాడూ రాని మనిషి. గుమ్మంలోకొచ్చిన కూతుర్ని చూసి పలకరించలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. "ఏం తప్పు చేసింది చెల్లెమ్మగారూ మా పిల్ల?" అన్నాడు. అనూహ్య తెల్లబోయి తండ్రినీ అత్తనీ మార్చి మార్చి చూస్తోంది.

"మీ పిల్ల చెయ్యలేదండీ అన్నయ్యగారూ, నేను చేశాను," అంది సరోజినీదేవి, లేచి నిలబడి. "రోజూ నా ట్యాబ్ ఎవరో వాడుతున్నారని మీ అమ్మాయిని అనుమానించాను. ఇంకా పెద్ద మాటే అందామని మిమ్మల్ని రప్పించాను. తన ఫోను ఆరిపోయినా పట్టించుకోకుండా నాదానికి చార్జింగ్ పెడుతోందని ఇప్పుడే తెలిసింది. కోతల్లో ఉన్నవాళ్ళని కంగారుపెట్టాను. తప్పైపోయింది."

వెంకటప్పయ్య అప్పుడు కూర్చున్నాడు, కుర్చీలో బట్టల మీదే కూర్చున్నాడు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. అనూహ్య నెమ్మదిగా, "ముట్టుకోవద్దన్నారని చెప్పలేదత్తయ్యా. సున్నా అయితే పాడైపోతుంది, మీరు బాధపడతారని..." అంది. అని, "పెద్ద మాటంటే ఏంటి?" అని అడిగింది. కళ్ళు దించలేదు ఈసారి. చెబుతాను, అంది సరోజినీదేవి, కూర్చోబెట్టి చెబుతాను, తిట్టాలనిపిస్తే తిట్టు.

బొడ్లోంచి తాళంచెవి తీసింది. బీరువా తెరిచి, చీరల అడుగున చెయ్యి పెట్టి, ఈసారి గుడ్డమూటని పట్టుకునే బయటికి తీసింది. బయట ఆటో ఇంకో మనిషి కోసం ఇంకా ఆగే ఉంది. "కాస్త ఆగు బాబూ!" అని కిటికీలోంచి కేకేసి, "మీ నాన్నకి అన్నం పెట్టమ్మా, తినలేదు ఆయన. నేను హన్నమ్మ ఇంటిదాకా వెళ్ళొస్తాను," అంది.

"హన్నమ్మెవరత్తయ్యా?"

"వచ్చి చెబుతాను," అంది సరోజినీదేవి చెప్పులు వేసుకుంటూ. "ముందు ఆవిడకి చెప్పాలి."